ఎడమవైపు నుంచి అందిన మాట

బళ్ళో అందరూ ఆ పిల్లని బొంగురు అనేవాళ్ళు. చిన్నప్పుడెప్పుడో గొంతు నొప్పి వచ్చి పోయింది గానీ, బొంగురు మాత్రం మొండి అద్దెదారులా ఖాళీ చెయ్యలేదు. ఆ గొంతు వల్లే ఇన్నేళ్ళూ పాటల్లో వెనక వరసలో నిలబెట్టారు. ఆ గొంతు వల్లే ఈసారి చలికాలపు వేడుకల నాటకంలో పెద్ద వేషం ఇచ్చారు. "చలిని గుమ్మంలో నిలబెట్టి నిలదీయాలంటే తియ్యటి గొంతు పనికిరాదు" అన్నాడు డ్రామా మాస్టారు.

ఆ వేషం తనదేనని క్లాసంతా ముందే చాటుకున్న పిల్ల చిలక. బొంగురుకి ప్రాణస్నేహితురాలు. నాటకంలో అందరి మాటలూ దానికి కంఠతా వచ్చు, నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్తుంది. అందుకే మాస్టారు దానికి ప్రాంప్టింగ్ అప్పజెప్పాడు. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, ఎవరైనా మరిచిపోతే గుసగుసగా మాట అందించాలి. చిలక కొన్నాళ్ళు మొహం మాడ్చుకుని తిరిగి, ఒకరోజు నవ్వుతూ వచ్చింది.

"నీకు మాట ఆగితే నేనున్నాగా. మాటిస్తున్నానే" అంది చేతిలో చెయ్యేసి.

మాస్టారిది ఒకటే సూత్రం. "పక్కనుంచి మాట అందితే ఆలోచించకూడదు, అనెయ్యాలి. ఆలోచిస్తే జనానికి తెలిసిపోతుంది." ఒక రిహార్సల్లో చిలక కావాలనే "మా మాస్టారికి బట్టతల" అని అందించింది. బొంగురు గంభీరంగా అనేసింది. పిల్లలంతా పడీపడీ నవ్వారు. మాస్టారు మాత్రం తల నిమురుకుని, "అదీ, అలా ఉండాలి" అన్నాడు.

మాట ఎప్పుడూ కుడివైపు నుంచే అందేది. స్టేజీకి ఎడమవైపు నేల చెక్కలు పుచ్చిపోయాయని, విరిగిన బెంచీలు కప్పుదాకా పేర్చి దారి మూసేశారు. అటునుంచి తడిచెక్క వాసన వచ్చేది. ఒకట్రెండు సార్లు చిలక అందించకముందే అదే మాట అటువైపు ఎవరో గొణిగినట్టు అనిపించింది బొంగురుకి. ఖాళీ హాలు కదా, గోడలు మన మాటలే తిప్పి చెబుతున్నాయిలే అనుకుంది.

నాటకం రోజు సాయంత్రం హాలంతా రంగు దీపాలు, కాగితం నక్షత్రాలు. కోట్లు, శాలువాలు కప్పుకున్న తల్లిదండ్రులు. బొంగురు వాళ్ళమ్మ టైలరు. వేషాలన్నీ తనే కుట్టి, కొట్టు పెందలాడే మూసి, ముందు వరసలో కూర్చుంది. కూతురు వెనక వరస దాటి ముందుకు రావడం ఆవిడ చూడటం ఇదే మొదటిసారి. ఈ ఒక్క సాయంత్రం గట్టెక్కితే చాలనుకుంది బొంగురు. ఇంకెవరూ తన గొంతు విని నవ్వరు.

చివరి రంగం వచ్చింది. తెల్లదుప్పటి కప్పుకుని చలి వేషంలో మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో ఒకటి తీసుకోందే చలి కదలదు. ఇంట్లో జబ్బుపడ్డ తమ్ముడున్నాడు. తమ్ముణ్ణి వదిలి పొయ్యిలో నిప్పు తీసుకోమని అక్క వేషంలో ఉన్న బొంగురు చలిని ఒప్పించాలి.

"ఎవరింటికొచ్చావో తెలుసా" అని మొదలుపెట్టింది బొంగురు. అంతే. తర్వాతి మాట లేదు.

కుడివైపు చూసింది.

చిలక అక్కడే ఉంది. పుస్తకం మూసి గుండెలకి హత్తుకుంది. బొంగురు కళ్ళలోకి సూటిగా చూస్తోంది. పెదవులు బిగించింది. ఆ బిగింపు చివర... చిన్న నవ్వు.

మరిచిపోలేదు. కావాలనే. చెయ్యి పట్టుకుని మాటిచ్చిన పిల్ల, నమ్మించి గొంతు కోసింది. ముందు వరసలో అమ్మ కొంగు నలుపుకుంటోంది. ఎక్కడో ఒక నవ్వు మొదలైంది. బొంగురుకి కళ్ళు మండాయి.

అప్పుడు తడిచెక్క వాసన వచ్చింది.

"ఆకలిగొన్న ఇంటికి..." అంది ఎవరో. గుసగుసగా. ఎడమవైపు నుంచి.

"ఆకలిగొన్న ఇంటికి వచ్చావు" అంది బొంగురు. నవ్వు ఆగిపోయింది.

"ఇక్కడ నీకు పెట్టడానికి..."

"ఇక్కడ నీకు పెట్టడానికి ఏమీ లేదు."

ఒక్కో మాటే అందుతోంది. మెల్లగా... ఓపికగా. ఆ మాటలతో పాటు ఎడమ చెవికి చల్లటి ఊపిరి తగులుతోంది. అటు బెంచీలున్నాయి. మనిషి పట్టే సందు లేదు. బొంగురు తల తిప్పలేదు. మాట అందింది, అదే చాలు. జనం కదలకుండా వింటున్నారు. అమ్మ కొంగు వదిలేసింది.

ఆఖరి మాట మిగిలింది.

"మాటిచ్చి తప్పినదాన్ని తీసుకో."

"మాటిచ్చి తప్పినదాన్ని తీసుకో" అనేసింది బొంగురు.

అన్నాక తెలిసింది. అది నాటకంలో లేదు.

మాస్టారు తెల్లబోయి నోరు తెరిచాడు. ఆయన ఏదో అనేలోపే, "సరే" అంది ఎడమవైపు గొంతు. దీపాలు ఒక్కసారి తగ్గి మళ్ళీ వెలిగాయి. చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

తెర పడగానే బొంగురు కుడివైపు పరిగెత్తింది. స్టూలు ఉంది. పుస్తకం నేలమీద బోర్లా పడి ఉంది. చిలక లేదు. వెనక్కి తిరిగి చూసింది. ఎడమవైపు బెంచీలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి, వాటిమీది బూజు కూడా చెదరలేదు.

"ఎంత బాగా చేశావే" అంటూ అమ్మ వచ్చి కావలించుకుంది. "చిలక ఏదీ? వాళ్ళమ్మ గేటు దగ్గర వెతుక్కుంటోంది. నీ దగ్గరే ఉంటుందని చెప్పాను."

బొంగురు నోరు తెరిచింది. నిజం చెప్పాలి. చిలకని తన నోటితోనే ఇచ్చేసింది, చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. మాట ఆగిపోయింది.

ఎడమ చెవి చల్లబడింది.

"నాకేం తెలుసు, ఎప్పుడో వెళ్ళిపోయింది" అని అందింది మాట. ఈసారి తెలియని గొంతు కాదు. చిలక గొంతు. తప్పు లేకుండా, పుస్తకం చూసి చదివినట్టు.

"నాకేం తెలుసు, ఎప్పుడో వెళ్ళిపోయింది" అంది బొంగురు.

అమ్మ తలూపి, కూతురి మొహానికున్న రంగు కొంగుతో తుడవసాగింది. చెవి దగ్గర గుసగుస మాత్రం ఆగలేదు. ఆలోచించకుండా అనెయ్యడం అలవాటైన నోరు కూడా ఆగలేదు.

"ఇక్కడ చలేస్తోందే... నన్ను బయటికి తియ్యవే."

"ఎక్కణ్ణుంచే?" అంది అమ్మ.