పాత లాకుల దగ్గర ఈల

పాత లాకుల దగ్గర చీకటి పడ్డాక ఈల వినపడితే పలకకూడదు. మా వైపు పిల్లలకి అఆల కంటే ముందు నేర్పే పాఠం ఇది.

ద్రాక్షారామం నుంచి వచ్చే ఆఖరి బస్సు కూడా అక్కడ ఆగదు. చెయ్యెత్తిన మనిషి సాక్షాత్తూ డ్రైవరు మేనమామే అయినా, "వంతెన దాకా నడిచి రండి మావయ్యా" అని కిటికీలోంచి అరిచి వెళ్లిపోతాడు.

కాలవల్లో పడవలు తిరిగే రోజుల్లో, ఒక గాలివాన రాత్రి, గోదావరి పాయ మీంచి ఉప్పు పడవ ఒకటి కాలవకి తలుపుల్లాంటి ఈ లాకుల దాకా వచ్చిందట. తలుపు తీసి లోపలికి రానిమ్మని పడవ నడిపే సరంగు ఈల మీద ఈల వేశాడట. లాకుల బంగళాలో ఉన్న కాపలావాడు విన్నాడు... వినీ, ఈ వానలో ఎవడు లేస్తాడులే అని ముసుగు తన్ని పడుకున్నాడు. తెల్లారేసరికి పడవా లేదు, సరంగూ లేడు.

అప్పట్నుంచీ ఆ ఈల వినపడుతూనే ఉందంటారు. పలికినవాణ్ణి నీళ్లలోకి లాక్కుపోతుందంటారు. అందుకని విన్నా విననట్టే ఉండాలి. విన్నానని పక్కవాడితో అనడం కూడా తప్పే.

అలాంటి చోట, తుఫాను దాటిన మర్నాటి రాత్రి, ప్రిస్కిల్లా టీచరు రేడియో పెట్టుకుని కూర్చుంది.

ఆవిడ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. లైసెన్సు ఉన్న హామ్ రేడియో ఆపరేటరు కూడా. సెల్ టవర్లు ఒరిగిపోయి ఊరి ఫోన్లన్నీ మూగబోయాక, బయటి లోకంతో మాట కలపగలిగింది ఆవిడ ఒక్కతే. ఊరంతా మోకాలి లోతు నీళ్లు. గట్టు మీదున్న పాడుబడ్డ లాకుల బంగళా ఒక్కటే పొడిగా ఉంది, ఏరియల్ తీగ కట్టడానికి ఎత్తూ ఉంది. దెయ్యం సంగతి ఎవరో గుర్తు చేస్తే, "దేవుణ్ణి నమ్ముకున్నదాన్ని, దెయ్యానికి భయపడతానా?" అంది. పగటిపూట అంది లెండి. పగటిపూట ఎవరైనా అంటారు.

ఆవిడకి ఉన్న లోపం ఒకటే. సన్నటి శబ్దాలు చెవికెక్కవు. మనిషి మాట వినపడుతుంది, కీచురాయి రొద వినపడదు. ఇంట్లో కుక్కరు ఎన్ని విజిల్స్ వేసినా, పప్పు మాడిన వాసన వస్తేగాని పొయ్యి కట్టేయదు. రేడియో గరగరలో సన్నటి సంకేతాలు పట్టుకోవడం కష్టమైపోయాక, ఆ రేడియోని తీసుకెళ్లి ల్యాప్‌టాప్‌కి కలిపింది. రెండింటి మధ్యా అగ్గిపెట్టెంత డబ్బా, రెండు వైర్లు. రేడియో విన్నదంతా ఆ డబ్బాలోంచి కంప్యూటర్లోకి పోతుంది. సంకేతం ఎంత సన్నదైనా తెర మీద పసుపు గీతలా కిందికి జారుతుంది, దాని పక్కనే అక్షరాలుగా మారుతుంది. "చెవులు పోతే పోయాయి, కళ్లున్నాయిగా" అనేది నవ్వుతూ.

ఆ రాత్రి మాత్రం నవ్వే ఓపిక లేదు. పల్లంరాజు కోసం కూర్చుంది.

పల్లంరాజు చేపలు పట్టుకుని బతికేవాడు. లంకలో చిక్కుకున్నవాళ్లని తేవడానికి, అధికారులిచ్చిన నారింజరంగు లైఫ్ జాకెట్టు తొడుక్కుని, పొద్దున్నే తన నావ వేసుకుని వెళ్లాడు. రెండుసార్లు మనుషుల్ని దించాడు. మళ్లీ వెళ్లినవాడు తిరిగి రాలేదు. సాయంత్రం అతని భార్య వీరవేణి బంగళా దాకా వచ్చి, మెట్టెక్కకుండా కిందే నిలబడింది.

"ఏ రేవులో తేలినా నాకు చెప్పండి టీచరుగారూ... ఉన్నాడో లేడో, ఏదో ఒకటి తెలియాలండి."

"కింది రేవులన్నిట్లో వెతుకుతున్నారమ్మా. రాజమండ్రిలో లోకనాథ్ గారని మా రేడియో ఆయన ఉన్నారు. కబురు రాగానే నాకు పంపుతారు."

వీరవేణి చీకటి పడకముందే, గట్టు కిందే, పిల్లల్ని ఉంచిన బడి మేడకి వెళ్లిపోయింది. ప్రిస్కిల్లా టీచరుకి తోడుగా చిట్టియ్య ఒక్కడే మిగిలాడు. అదే లాకుల దగ్గర తలుపులు తీసే లస్కరుగా పనిచేసి రిటైరైన ముసలాయన. బంగళా తాళంచెవి ఆయన దగ్గరే ఉండడంతో తప్పక వచ్చి, బైబిలు ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

చీకటి చిక్కబడింది. లాకు తలుపుల దగ్గర నీళ్లు హోరుమంటున్నాయి. తెర మీద లోకనాథ్ గీత జారుతోంది... ఇంకా కబురేమీ లేదు... వెతుకుతున్నారు...

ఉన్నట్టుండి గాలికి కిటికీ తలుపు ధడాలుమంది. చిట్టియ్య ఎగిరి పడ్డాడు. ఆయన కాలు వైర్లకి తగిలి బల్లంతా కదిలిపోయింది. టీచరు ల్యాప్‌టాప్ పడిపోకుండా పట్టుకుని, కిటికీకి గడియ పెట్టి వచ్చి కూర్చుంది.

లోకనాథ్ గీత పోయింది.

వాతావరణం బాలేదేమోననుకుని ఎదురుచూసింది. కాసేపటికి తెర కుడివైపు చివర సన్నటి గీత మొదలైంది. కొంత సేపు కనపడి... ఆగింది. అది ఆగగానే, కొంచెం ఎడంగా ఇంకో గీత. అదీ ఆగింది. మళ్లీ మొదటిది.

ఒకరు పిలవడం, ఇంకొకరు పలకడం. రేడియోలో రోజూ చూసేదే. కానీ ఆ గీతలకి మాటలు లేవు. అక్షరాలు రావాల్సిన చోట అర్థం పర్థం లేని చెత్త వచ్చి పడుతోంది.

"ఎవరు మీరు?" అని టైపు చేసి పంపబోయింది. మాట బయటికి పోయేటప్పుడు రేడియో మీద వెలగాల్సిన ఎర్రదీపం వెలగలేదు.

 టీచరు ఏరియల్ తీగ ఊడదీసింది. తీగ లేకపోతే రేడియోకి లోకం లేనట్టే... గీత ఆగలేదు.

రేడియో కట్టేసింది.

రేడియో దీపాలన్నీ ఆరిపోయాయి. తెర మీద గీత మాత్రం జారుతూనే ఉంది. ఒకటి పిలుస్తోంది... ఒకటి పలుకుతోంది... ఆరిపోయిన రేడియోలోంచి.

"ప్రభువా..." అంది పైకే. పగలు చెప్పిన గొప్పలన్నీ ఆ ఒక్క మాటతో ఎగిరిపోయాయి.  లేచి పారిపోదామని బల్ల అంచు పట్టుకుంది. చేతికి ఏదో వేలాడుతూ తగిలింది.

వైరు. డబ్బాలోంచి ల్యాప్‌టాప్‌లోకి వెళ్లే వైరు. చిట్టియ్య కాలు తగిలినప్పుడే ఊడిపోయింది.

అమ్మయ్య అనుకుని ఊపిరి పీల్చుకోబోయింది... సగంలోనే ఆగిపోయింది. వైరు ఊడితే కంప్యూటరు తన సొంత మైకుతో వింటుంది. అంటే ఇంతసేపూ అది విన్నది రేడియోని కాదు. ఈ గదిని!

ల్యాప్‌టాప్ అంచునున్న సూదిబెజ్జమంత మైకు మీద వేలు పెట్టింది. గీతలు మాయమయ్యాయి. వేలు తీసింది. గీత వచ్చింది.

ఏదో మోగుతోంది. ఇక్కడే. తన చెవికి అందనంత సన్నగా.

మెల్లగా తల తిప్పి చూసింది. చిట్టియ్య రెండు చెవులూ మూసుకుని, కళ్లు గట్టిగా బిగించి, పెదాలు కదుపుతున్నాడు.

"బాబాయ్... మీకేమైనా వినపడుతోందా?"

"లేదండి."

"బాబాయ్!"

"అడక్కమ్మా..." ఆయన బైబిలు గుండెకి హత్తుకున్నాడు. "నువ్వు అదృష్టవంతురాలివి, నీకు వినపడదు. చీకటి పడ్డప్పట్నుంచీ... ఈల. కిందనుంచి. పలకకూడదమ్మా!"

ఈల అనగానే టీచరు కళ్ల ముందు నారింజరంగు జాకెట్టు మెరిసింది. ఆ జాకెట్లకి భుజం దగ్గర దారంతో కట్టిన ఈల ఉంటుంది.

"అది దెయ్యం కాదు బాబాయ్! పల్లంరాజు!"

అలా అందేగాని, తలుపు తీయడానికి చెయ్యి రాలేదు. తన లెక్క తప్పైతే? కిందున్నది పల్లంరాజు కాకపోతే? వెనక్కి తిరిగి తెర చూసింది. గీత ఇందాకటికంటే పొట్టిగా, వెలవెలబోతూ ఉంది. ఊదేవాడికి ఊపిరి అయిపోతోంది. టార్చి లాక్కుని చీకట్లోకి పరుగెత్తింది.

రెండు లాకు తలుపుల మధ్య రాతి గోడల గొయ్యి ఉంటుంది. అందులో వరదకి కొట్టుకొచ్చిన నావ తిరగబడి, పుచ్చిన తలుపు కింద ఇరుక్కుని ఉంది. పక్కనే ఇనప గొలుసు పట్టుకుని, మెడ దాకా నీళ్లలో... ఒక తల. నోట్లో ఈల.

"పల్లంరాజూ!" అని గొంతు చించుకుని అరిచింది టీచరు. ఆ చోట ఈలకి మనిషన్నవాడు పలకడం అదే మొదలు.

బంగళాలో ఉన్న తాడల్లా ఏరియల్‌ని పైకి కట్టిన నైలాను తాడే. అది కోస్తే రేడియో ఆ రాత్రికి పోయినట్టే. చిట్టియ్యే కోసుకొచ్చాడు. పడవలు కట్టే పాత రాతిగుంజకి ఒక కొస ముడేసి, రెండోది కిందికి వదిలారు. ఆ కేకలకి బడిలోంచి జనం పరుగెత్తుకొచ్చి, పల్లంరాజుని పైకి లాగారు.

తెల్లారాక, బడి మేడ వరండాలో దుప్పటి కప్పుకుని టీ తాగుతున్నాడు పల్లంరాజు. ఎదురుగా వీరవేణి తలొంచుకుని కూర్చుంది.

"నేనూ విన్నానండి," అంది ఎవరి మొహమూ చూడకుండా. "పిల్లల చెవుల్లో గుడ్డలు పెట్టి పడుకోబెట్టానండి. నా మొగుడి ఈల విని..." ఆపైన ఏడుపొచ్చేసింది.

ఎవరూ ఆమెని తప్పు పట్టలేదు. పట్టే ముఖం ఎవరికీ లేదు. బడిలో ఉన్నవాళ్లంతా విన్నారు. పలకనందుకు ఒక ప్రాణం పోయిన చోట, పలకకపోవడాన్నే ఆచారం చేసుకున్న ఊరు మాది.

"పోనీలేవే," అన్నాడు పల్లంరాజు బొంగురుగొంతుతో. "టీచరుగారు పలుకుతూనే ఉన్నారుగా. నేనొకసారి ఊదితే, పైనుంచి ఆవిడగారొకసారి ఈల వేసేవోరు. అది ఇంటూ ఉండబట్టే గొలుసు ఒదల్లేదు. లేపోతే ఎప్పుడో ఒదిలేద్దునండి."

ప్రిస్కిల్లా టీచరు గ్లాసు కింద పెట్టింది. ఆవిడకి ఈల వేయడం రాదు. మెల్లగా చిట్టియ్య వైపు తిరిగింది.

"బాబాయ్... రాత్రి మీరేమైనా ఈల వేశారా?"

"నేనా! రామ రామ... ప్రభువా, నేనెందుకు వేస్తానమ్మా?"

"మరి మీకు వినపడ్డవి ఎన్ని ఈలలు?"

"ఒక్కటేనమ్మా. కిందనుంచి వచ్చిందొక్కటే."

 తెర మీద టీచరు చూసినవి రెండు గీతలు.