ఖర్చులేని బస

ఆదివారం ఉదయం టీ మరగకముందే జిప్పులాయన రెండు బ్యాగుల్నీ వంటగది తలుపు కొక్కానికి ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, స్ప్రింగు కాటాతో తూకం వేస్తున్నాడు. వీపున మోసుకెళ్ళే ఆ బ్యాగులు రెండూ ఆయన స్వయంగా కుట్టినవే. తెగిన జిప్పులు, ఊడిన చక్రాలు, చిరిగిన పట్టీలు బాగుచేయడం ఆయన వృత్తి కాబట్టి వీధంతా ఆయన్ని జిప్పులాయన అనే పిలిచేది. ఊళ్ళోవాళ్ళు విదేశాలకు మోసుకుపోయిన సామానులో సగం ఆయన చేతుల మీదుగా వెళ్ళిందే. ఆయన మాత్రం ఇంతవరకూ విమానం ఎక్కలేదు.

"మీ అమ్మ బ్యాగు బరువు ఎక్కువొస్తోంది. విమానంవాడు ఊరుకోడు. ఆ రెండో స్వెట్టరు తీసెయ్యమను" అన్నాడు కూతురితో.

"చలిదేశం నాన్నా అది."

"ఒంటిమీద వేసుకుని ఎక్కితే సరి. ఒంటిమీది బట్టలకి వాడేం అడగడు."

పొయ్యి దగ్గర్నుంచి భార్య నవ్వింది. "అన్నీ వేసుకుని ఎక్కితే మూటనుకుని నన్నే కింద సామాన్లలో పడేస్తారు."

కూతురు కూడా నవ్వింది. మందుల షాపులో పనిచేసే ఆ పిల్లకి వారంలో ఈ ఒక్క పూటే తీరిక. ఈ మధ్య ఆ తీరికంతా తండ్రి ప్రయాణం లెక్కలు వినడానికే సరిపోతోంది.

నిజానికి ఈ ప్రయాణం కోరిక మొదట భార్యది. పెళ్ళైన కొత్తలో షాపుకి రిపేరుకొచ్చిన ఒక సూట్‌కేసు మీద ఎవరో అంటించిన బొమ్మ చూసింది. పెద్ద సరస్సు, వెనక మంచుకొండలు, ఒడ్డున ఎర్ర పైకప్పుల ఇళ్ళు. "ఇదెక్కడండీ?" అని అడిగితే ఆయన సూట్‌కేసు యజమానిని కనుక్కుని మరీ చెప్పాడు. "ఎప్పటికైనా తీసుకెళ్తాను" అని కూడా అన్నాడు. ఆ తర్వాత షాపు పైకప్పు కూలింది, ఇంటి అప్పు వచ్చిపడింది, అమ్మాయి చదువు వచ్చింది. ఆ మాట మాత్రం ఇద్దరూ మర్చిపోలేదు.

ఆమె పని ఆసుపత్రిలో. ఉతికిన పక్కదుప్పట్లు గుట్టలుగా వస్తాయి. వాటిని ఇస్త్రీ చేసి, మడిచి, వార్డులకి తీసుకెళ్ళి మంచాల మీద పరవాలి. పెళ్ళికి ముందు చేరిన ఉద్యోగం, ఇప్పటికీ అదే. ప్రయాణం సంగతి ఎత్తినప్పుడల్లా ఆమె ఒకే ఒక్కటి అడిగేది: "అక్కడ సరస్సు కనిపించేలా ఒక గది తీసుకుందామండీ. ఒక్క రోజు చాలు. పొద్దున్నే లేచి, పక్క ఎలా ఉంటే అలా వదిలేసి కిటికీ దగ్గర కూర్చుంటాను. ఎవరో వచ్చి సర్దుకుంటారు. నేను చూస్తూ ఉంటాను."

కిందటేడాది అప్పు తీరింది. ఆయన టిక్కెట్లు కొన్నాడు. అప్పట్నుంచి పొదుపు ఆయనకి ఆటలాగా మారిపోయింది. ముందు సరస్సు కనిపించే గది పోయి, సందులో గది వచ్చింది. అది కూడా పోయి, ఆడవాళ్ళకి వేరుగా మగవాళ్ళకి వేరుగా పదేసి మంచాలుండే హాస్టలు వచ్చింది. ఆమె స్నేహితురాలు చెప్పిన పడవ షికారు పోయింది, దాని బదులు ఒడ్డు వెంట నడక వచ్చింది. తగ్గించిన ప్రతిసారీ ఆయన లాటరీ తగిలినవాడిలా ఇంటికొచ్చేవాడు. ఆమె ప్రతిసారీ "సరేలెండి" అనేది.

ఆ ఆదివారం ఆయన ముఖంలో మరీ ఎక్కువ వెలుగుంది. టీ గ్లాసు అందుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నా వినండి. బస మొత్తం ఉచితం! ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు."

"అదెలా నాన్నా?"

"ఆ హాస్టలువాళ్ళతో మాట్లాడాను. రోజూ పొద్దున ఓ పూట వాళ్ళకి పనిచేసిపెడితే మంచం ఊరికే ఇస్తారట. కుర్రకారంతా అలాగే తిరుగుతున్నారు. మనిద్దరి పేర్లూ ఇచ్చేశాను."

"ఏం పని?" అంది భార్య.

"అదే కదా తమాషా. నీకు కొట్టినపిండి! దుప్పట్లు మార్చడం, మడవడం. నీ అనుభవం చెప్పగానే వాళ్ళు ఎగిరి గంతేశారు, తెలుసా?"

కూతురు తలెత్తి తల్లి వైపు చూసింది. తల్లి చేతిలో ఉన్న గ్లాసుని గట్టు మీద పెట్టింది.

"అలాగా" అంది. కుళాయి తిప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

సెలవైనా జిప్పులాయన షాపుకి వెళ్ళాడు. పక్కనే తాళాలు చేసే ఆయన కూడా కొట్టు తెరిచాడు. ఆయనకి ఈ ఉచిత బస కథంతా చెప్పి, "బుర్రుండాలే గానీ ప్రపంచమంతా తిరిగి రావచ్చు" అన్నాడు. తాళాలాయన తల పంకించి, "మా ఆవిడైతే ఆ దుప్పట్లోనే నన్ను చుట్టి పారేసేది" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంచం మీద ఆమె బ్యాగు ఖాళీగా ఉంది. బట్టలన్నీ బీరువాలోకి వెళ్ళిపోయాయి. ఆమె తల దువ్వుకుంటోంది.

"ఇదేంటి? మళ్ళీ సర్దుతున్నావా?"

"లేదండీ. నేను రావట్లేదు."

ఆయనకి ముందు అర్థం కాలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు. ఆ తర్వాత మాటలు దొర్లాయి.

"రాకపోవడమేంటి? టిక్కెట్లు వెనక్కి తీసుకోరు. తెలుసా నీకు?"

"తెలుసు."

"ఏడాదిగా కూర్చుని గుండుసూదితో సహా లెక్కేశాను. ఎవరి కోసం ఇదంతా? నువ్వే కదా అడిగింది!"

"నేను అడిగింది ఇదా?" అంది ఆమె.

అలికిడికి కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాన్నా, అమ్మ రోజూ ఏం పని చేస్తుందో నీకు గుర్తుందా అసలు? అదే పని అక్కడ కూడా చెయ్యమన్నావు. అది కూడా సెలవు పెట్టి, విమానమెక్కి వెళ్ళి!"

"నేనూ చేస్తాగా పక్కన! నామోషీ ఏముంది అందులో? డబ్బు చెట్లకి కాస్తోందా? నేను పీనాసిని కాబట్టే నీ చదువు గట్టెక్కింది."

"దాన్ని ఏమీ అనకండి" అంది భార్య. గొంతు పెంచలేదు. "మీ పీనాసితనం నాకు కొత్త కాదు. దానితోనే ఇల్లు నిలబెట్టుకున్నాం, నేనూ మీకంటే తక్కువేం తినలేదు. కానీ ఒక్కసారి చూసుకోండి. మీ లెక్కల్లో మీరు చూడాలన్న కోట ఉంది. మీ రైలు మ్యూజియం ఉంది. అవి ఒక్కటీ పోలేదు. పోయినవన్నీ నావే. నేను సరేలెండి అన్నప్పుడల్లా, ఈసారైనా నా ముఖం చూస్తారేమో అనుకున్నాను."

జిప్పులాయన తప్పించుకోవడానికి దొరికిన మాట పట్టుకున్నాడు. "నీకు సుఖం రాసిపెట్టి లేదు. అందుకే కాలదన్నుకుంటున్నావు."

ఆ మాట అన్నవెంటనే నాలుక కరుచుకున్నాడు గానీ, గడప దాటిన మాటని వెనక్కి ఎవరు తెస్తారు?

ఆమె దువ్వెన పక్కన పెట్టింది. "మీరు వెళ్ళిరండి. కోపంతో చెప్పట్లేదు. నాకు సెలవు దొరికింది. ఇంట్లో పడుకుంటాను."

ఆయన వెళ్ళాడు. వెళ్ళకపోతే ఓడిపోయినట్టని వెళ్ళాడు. విమానాశ్రయానికి కూతురు వచ్చింది, ముక్తసరిగా జాగ్రత్తలు చెప్పింది. పక్క సీటు ప్రయాణమంతా ఖాళీగా ఉంది. అందులో ఎవరో ఒకాయన కోటు పెట్టుకోవచ్చా అని సైగ చేస్తే, పెట్టుకోమన్నాడు.

హాస్టల్లో అంతా పాతికేళ్ళ లోపువాళ్ళే. ఆయన్ని ముద్దుగా తాతా అన్నట్టు ఏదో పిలిచేవాళ్ళు. మొదటి ఉదయం అక్కడి మేనేజరమ్మాయి ఆయన్ని మేడ మీదకి తీసుకెళ్ళి మంచాలు చూపించింది. రెండంతస్తుల మంచాలు. పై మంచానికి దుప్పటి పరవాలంటే ఒక కాలు నిచ్చెన మీద, ఒక మోకాలు పరుపు మీద పెట్టి, ఒంటి చేత్తో పరుపు మూల ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో దుప్పటి లోపలికి దోపాలి. వరస పూర్తయ్యేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. తర్వాత కింద ఉతికే గదిలో తడి దుప్పట్లు. తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో ఆయన ఎప్పుడూ తూచలేదు.

రెండో రోజుకి కుడి భుజం పైకి లేవలేదు. అద్దం ముందు చొక్కా తొడుక్కోబోతూ, ముందు ఎడమ చెయ్యి దూర్చి, కుడిచేతిని మెల్లగా, నొప్పిని మోసం చేస్తున్నట్టు లోపలికి జార్చాడు. అలా జార్చుతూ ఆగిపోయాడు. ఇంట్లో రోజూ ఆమె రవిక తొడుక్కునేది సరిగ్గా ఇలాగే. ఆయన ఎన్నిసార్లు చూశాడో! చూసి, "ఇంకా ఎంతసేపు? టీ చల్లారిపోతోంది" అని ఎన్నిసార్లు కసిరాడో!

ఆ మధ్యాహ్నం కోట చూడ్డానికి వెళ్ళి, సగం మెట్లలోనే కూర్చుండిపోయాడు. దిగువన సరస్సు కనిపిస్తోంది. బొమ్మలో ఉన్నట్టే ఉంది. దాన్ని చూస్తే ఏమీ అనిపించలేదు. ఆ అనిపించకపోవడమే ఆయన్ని భయపెట్టింది. ఇంటికి ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది.

"అమ్మేది?"

"బయటికెళ్ళింది నాన్నా. రోజూ పొద్దున వెళ్తోంది."

"ఎక్కడికి?"

"వచ్చాక నువ్వే అడుగు" అంది కూతురు. ఆ గొంతులో కోపం లేదు, కానీ చనువు కూడా లేదు.

మిగిలిన రోజులు ఆయన మంచాలు సర్దాడు, నడిచాడు, వచ్చి పడుకున్నాడు. రైలు మ్యూజియంకి వెళ్ళనేలేదు.

ఇంటికి చేరిన ఉదయం తలుపు తీసింది భార్యే. బ్యాగు అందుకోబోతే ఆయన ఇవ్వలేదు. కుర్చీలో కూర్చుని, చాలాసేపు పట్టీ బకిల్‌ని అటూ ఇటూ తిప్పాడు.

"భుజం నొప్పి ఎన్నాళ్ళుగా ఉంది నీకు?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఇప్పుడు అదెందుకు?"

"చెప్పు."

"అమ్మాయి స్కూల్లో ఉన్నప్పట్నుంచి. ఏదో ఒకటి, పనిలో ఉండేదే కదా."

ఆయన మాట్లాడాలని చాలా అనుకుని వచ్చాడు. దారంతా మనసులో వరసపెట్టుకున్నాడు. తీరా చూస్తే ఒక్కటే బయటికొచ్చింది. "నన్ను క్షమించు. పదిమంది పని చేసే మనిషివి, నీకు ఒక్క రోజు... ఒక్క రోజు ఇవ్వలేకపోయాను." "మళ్ళీ వెళ్దాం. ఈసారి నువ్వన్నట్టే. సరస్సు ఎదురుగా గది. ఎంతైనా సరే."

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ మాట కోసం ఆమె ఎంతకాలం ఎదురుచూసిందో ఆయనకి తెలుసు. అందుకే ఆమె ముఖంలో సంతోషం కోసం వెతికాడు. దొరకలేదు.

"నాకిప్పుడు వెళ్ళాలని లేదండీ" అంది నెమ్మదిగా. "అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టగలను. కానీ వద్దు. ఆ కోరిక అప్పటిది. అప్పుడు తీరుంటే ఎంత బాగుండేదో! ఇప్పుడు వెతికితే లేదు. ఎప్పుడు పోయిందో నాకే తెలీదు."

ఆయన చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఏడుస్తున్నాడని ఆమెకి తెలియడానికి కొంతసేపు పట్టింది. ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం ఆమె చూడలేదు. లేచి వచ్చి తల మీద చెయ్యి వేసింది.

"ఊరుకోండి. దాని కోసం నేనే ఏడవడం మానేశాను, మీరు మొదలుపెట్టారా?"

"మరి రోజూ పొద్దున్నే ఎక్కడికి వెళ్తున్నావు?" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఈతకి."

"ఈతకా?"

"బస్టాండు వెనకాల ఈతకొలను ఉందిగా. పొద్దునపూట ఆడవాళ్ళకి నేర్పుతారు. భుజానికి మంచిదని అమ్మాయి చేర్పించింది. మొదట్రోజు గట్టు పక్కన కడ్డీ వదిలితే ఒట్టు! ఇప్పుడు వెల్లకిలా తేలడం వచ్చింది." అలా చెప్తున్నప్పుడు ఆమె గొంతు వేరేలా ఉంది.

ఆమెకి దొరికిన ఆ చిన్న సుఖంలో తన పేరు ఎక్కడా లేదు. అది ఆయన ఇచ్చింది కాదు, ఆయన లేనప్పుడు వచ్చింది.

"నేను వచ్చి చూడొచ్చా?" అని అడిగాడు. ఆమెని ఏదైనా చెయ్యొచ్చా అని అడగడం ఆయనకి కొత్త. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

ఆమె ఆలోచించింది. "చూసేవాళ్ళు కూర్చోడానికి అద్దాల వెనక బల్లలున్నాయి. రండి. కానీ మధ్యలో లేచి వెళ్ళిపోకూడదు."

మర్నాడు జిప్పులాయన షాపు తెరవలేదు. అద్దాల వెనక బల్ల మీద కూర్చున్నాడు. పక్కన ఎవరి తల్లులో, పిల్లలో ఉన్నారు. కొలనులో ఆమె మెట్లు దిగి, నీళ్ళలో రెండడుగులు వేసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని వెనక్కి వాలింది. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఆమె మునగలేదు. చేతులు రెండు వైపులా వదిలేసింది. కుడిచెయ్యి కూడా, ఏ నొప్పీ లేనట్టు, నీటి మీద తేలుతోంది. కళ్ళు మూసుకుంది. నుదుటి మీద ఒక్క ముడత లేదు.

ఎవరో తెలియని స్త్రీని చూస్తున్నట్టు చూశాడాయన. ఇంత నిమ్మళంగా ఉన్న ఆ ముఖాన్ని ఒక్కసారైనా చూసినట్టు ఆయనకి గుర్తులేదు. ఈ ముఖం ఎప్పుడూ ఆమెదే. ఎన్నేళ్ళ కిందటో చూసి ఉండాల్సింది. అద్దం మసకబారింది. చొక్కా చేత్తో తుడిస్తే గానీ మసక ఉన్నది అద్దానికి కాదని తెలియలేదు.

ఆమె కాళ్ళు కిందికి దించి నిలబడింది. ముఖం మీది నీళ్ళు తుడుచుకుని, బల్లల వైపు చూసి, పెదాలు కదిపింది. అద్దాల అవతలి నుంచి మాట వినపడలేదు గానీ అర్థమైంది. చూస్తున్నారా అని.

ఆయన గబగబా తలూపాడు. సరిపోదనిపించి, లేచి నిలబడి, అద్దానికి దగ్గరగా వెళ్ళి మళ్ళీ తలూపాడు.

ఆమె మళ్ళీ వెనక్కి వాలింది.