జోడీలు మారే వాల్ట్జ్

"పెద్దవాళ్లకి జోడీలు మారే వాల్ట్జా? నీకేమైనా మతి పోయిందా, మెరిన్?" ఒళ్లో అకార్డియన్‌తో ఫెర్గస్ గుడ్లురిమాడు.

"ఎవరికి ఏ డాన్సో తేల్చేది నేను. నువ్వు వాయించు, చాలు!"

శనివారం మధ్యాహ్నాలు ఊరి హాల్లో డాన్సు నడిపిస్తూ, ఏ అడుగెప్పుడో అరిచి చెప్పేది మెరిన్. రెండేళ్లుగా ఆమె వెనక కూర్చుని వాయించేది ఫెర్గస్. ఆమెతో ఒక్కటంటే ఒక్క వాల్ట్జ్ ఆడాలని అతని ఆశ. ప్రేమిస్తున్నానని చెబుదామంటే నోరు పెగలదు, ఆడదామంటే చేతులు ఖాళీ ఉండవు.

"యాభై ఏళ్ల కాపురాలు వాళ్లవి. చరణానికోసారి మొగుణ్ణి పక్కావిడకి అప్పజెప్పమంటే ఒప్పుకుంటారా?" అన్నాడు ఫెర్గస్.

అతను అన్నట్టే అయింది. "మారండి!" అని మెరిన్ అరిచినా హ్యూబర్ట్ తాత భార్య చెయ్యి వదల్లేదు. వెనకవాళ్లు వచ్చి గుద్దుకున్నారు. మెరిన్ మొహం కందిపోయింది. చివరికి ఎవరి జోడీతో వాళ్లే తిరిగే వాల్ట్జ్ పెట్టాక పెద్దవాళ్లు హాయిగా ఆడుకుని టీ కప్పుల దగ్గరికి చేరారు.

బయట వాన రేకుల మీద దంచుతోంది. గొర్రెల బొచ్చు కత్తిరించే కుర్రాళ్లు ఒక గోడకి, అమ్మాయిలు ఇంకో గోడకి బల్లుల్లా అతుక్కుపోయారు.

"వీళ్లకేది?" ఈసారి మెరిన్ మెల్లగా అడిగింది.

"జోడీలు మారేదే. వెళ్లి అడిగే ధైర్యం అక్కర్లేదు. వంతు వస్తే అమ్మాయే ఎదురుగా ఉంటుంది."

"ధైర్యం లేనివాళ్ల సంగతి బాగానే తెలుసే నీకు!"

ఫెర్గస్ పక్కన ఫిడేలు వాయించే డల్సీ ఆంటీ పకపకా నవ్వింది. "ఆ పెట్టె కిందపెట్టి నువ్వూ వెళ్లరా. నేనొక్కదాన్నే లాగిస్తాలే."

ఒక అమ్మాయి తక్కువైందని మెరిన్ కూడా వలయంలో చేరింది. ఫెర్గస్‌కీ ఆమెకీ మధ్య ఏడుగురు అమ్మాయిలు. "మారండి!" అని ఆమె అరిచిన ప్రతిసారీ ఒకరు తగ్గారు. ఏడుగురి కాళ్లూ తొక్కి, ఏడుగురి చేతా తిట్లు తిని, ఫెర్గస్ ఆమె ఎదుటికొచ్చాడు.

"కాళ్లు కాదు, నన్ను చూడు," అంది మెరిన్.

"రెండేళ్లుగా చూస్తున్నా. నీ వీపే కనిపించేది. నువ్వంటే నాకు ప్రాణం, మెరిన్."

చరణం అయిపోయింది. మెరిన్ అరవలేదు. ఇంకో చరణమూ అయిపోయింది.

"ఏమ్మా, మారమని చెప్పవేం?" టీ కప్పుతో కేకేశాడు హ్యూబర్ట్ తాత.

"నువ్వు వదిలావా తాతా, నేను వదలడానికి?" అని మెరిన్ ఫెర్గస్ చెయ్యి మరింత గట్టిగా పట్టుకుంది.