బట్టీ కాడ తిరిగిన విమానం

ఘనపూర్ శివారులో పాడుబడ్డ ఇటుకల బట్టీ ఒకటుంది. పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ పోరు. దెయ్యాలు లేవని చెప్పే పెద్దమనుషులు కూడా చుట్టు దారిన వచ్చే ఆ మాట చెబుతారు. ఈ మధ్య అక్కడ ఒక ఎర్ర కన్ను తిరుగుతోందని... ఒకటే కన్ను, నడుము ఎత్తులో, ఆరుతూ వెలుగుతూ... వాళ్లూ వీళ్లూ అనగా విన్నదే ఈ సంగతి.

శశిధర్ ఇలాంటివి నమ్మడు. నాలుగు వరికోత మిషన్లు, రెండు బోరు బండ్లు, పోయిన నెల నుంచి ఒక పాత రెండు సీట్ల విమానం ఉన్న మనిషి దెయ్యాలను నమ్మితే నలుగురిలో ఏం బాగుంటుంది? బట్టీ పక్క చెలకనే చదును చేయించి, రేకుల షెడ్డు వేసి, విమానాన్ని అందులో పెట్టాడు.

దానికి ఏ పరికరాలు కొనాలో హైదరాబాద్ మెకానిక్ రాకేష్ ఓపిగ్గా చెప్పాడు.

"ట్రాన్స్‌పాండర్ పెట్టియ్యన్నా. రాడార్ అడిగితే నీ నంబరు, నీ ఎత్తు గదే చెప్తది. శాటిలైట్ ట్రాకర్ గూడ పెట్టు. అడవిల పడ్డా జాడ దొరుకుతది."

"డ్రైవర్ యాడ ఆపి చాయ తాగిండో చెప్తదా?"

"డ్రైవర్‌వి నువ్వే గదన్నా. గది నువ్వు చూస్కునేటందుకు కాదు. వేరేటోళ్లకు నువ్వు కనవడేటందుకు."

ఇంకొకరు చూసుకునే వస్తువుకు తన డబ్బు పెట్టేంత అమాయకుడు కాదు శశిధర్. డీజిల్ దొంగలను పట్టడానికి మిషన్లకు బిగించే జీపీఎస్ డబ్బా ఒకటి ఇంట్లో మిగిలి ఉంది. దాన్నే తెచ్చి సీటు కింద పెట్టాడు. అతని దృష్టిలో ఆకాశం కూడా చిట్యాల రోడ్డే.

సోమవారం పని మీద జనగామ పోయి, మూడు రోజులకు రాత్రి ఇల్లు చేరాడు. తెల్లారితే పదేళ్ల కూతురు దీపను మొదటిసారి పైకి తీసుకుపోవాలి. పడుకోబోతూ మురిపెంగా ఫోన్‌లో జీపీఎస్ మ్యాప్ తెరిచాడు.

విమానం చుక్క షెడ్డులో లేదు.

బట్టీ చుట్టూ... మెల్లగా... తిరుగుతోంది.

జీపు తీసి ఉరికాడు. షెడ్డుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. సందులోంచి టార్చి వేస్తే — విమానం లోపలే ఉంది. ఫోన్‌లో చుక్క మాత్రం ఇంకా బట్టీ దగ్గరే...

దెయ్యాలను నమ్మని మనిషి జీపు వైపు రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ పొద్దున బిడ్డ ఎక్కాల్సిన విమానం. టార్చి పట్టుకుని అటే నడిచాడు.

ఎర్ర కన్ను. ఆరింది... వెలిగింది... దాని వెనక బరువైన ఊపిరి —

"ఎవలది?" అని అరిచాడు శశిధర్.

"నేనే పటేలా," అని చీకట్లోంచి జవాబొచ్చింది.

షెడ్డుకు కాపలా ఉండే లక్ష్మా. తాళం చెవి ఒకటి అతని దగ్గరే ఉంటుంది. పక్కన అతని బర్రె. బర్రె మెడకు జీపీఎస్ డబ్బా, ఎర్ర లైటుతో సహా.

"రోజు రాత్రి తెంపుకొని పోతున్నది పటేలా. ఆదివారం పొద్దుగాల సీటు కిందున్న గీ డబ్బ తీసి కట్టిన. లైటు దూరం సంది కనవడ్తది. విమానంల అయితే మీరే ఉంటరు. మీరు యాడున్నరో మీకెర్కనే గద."

శశిధర్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది. చాలాసేపు నవ్వాడు. అంతలో ఇంటి నుంచి భార్య స్వాతి ఫోన్.

"దొరికిందా?"

"షెడ్డులనే ఉన్నది."

"నేనైతే పరేషాన్ కాలె. నా ఫోన్ల గా చుక్క కనవడితే నాకు ధైర్యం. ఆదివారం పగటీలి నువ్వు పైకి పోయినప్పుడు చూస్తనే ఉన్న. బట్టీ కాడ ఆగింది. దిగినవ్ అనుకొని అన్నం తిని పండుకున్న. రేపు దీప ఎక్కినప్పుడు గూడ చూస్తనే ఉంట."

శశిధర్ నవ్వు ఆగిపోయింది.

ఆదివారం ఆ వేళకు అతను అడవి మీద ఉన్నాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కడే పడిపోయి ఉంటే, ఇంట్లో ఫోన్‌లో చుక్క మాత్రం బట్టీ కాడే కనబడుతూ ఉండేది.

అర్ధరాత్రి వేళ రాకేష్‌ను నిద్ర లేపాడు.

"నువ్వు చెప్పినయి రెండు పెట్టియ్ తమ్మీ. గప్పటిదాంక విమానం తియ్య."

"గిప్పుడేందన్నా? ఏమైంది?"

"బట్టీ కాడ దెయ్యాన్ని చూసిన."

"ఎవలి దెయ్యం?"

బర్రె నెమరు వేస్తోంది. దాని మెడలో లైటు ఆరింది... వెలిగింది...

"నాదే," అన్నాడు శశిధర్.