చిహారు పదో పాట

“మళ్ళీ,” అన్నాడు తొకిత, అద్దం అవతల నుంచి.

చిహారు హెడ్‌ఫోన్స్ తీసేసింది. ఆమె మూడో ఆల్బమ్‌లో తొమ్మిది పాటలు పూర్తయ్యాయి. పదోదాన్ని పొద్దుటి నుంచి పదిహేడుసార్లు పాడింది.

“ఏం తక్కువైంది తొకితా గారూ?”

“శ్రుతి బాగుంది. తాళం బాగుంది. కానీ మీరు ‘ఉండిపో’ అని అంటుంటే, ఉండేవాడు కూడా చెప్పులేసుకుంటాడు.”

తొకిత ఆ స్టూడియోలో రికార్డింగ్ ఇంజనీర్. వాతావరణ వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. చిహారు విసవిసా బయటికి నడిచింది.

నిర్మాత ఓకుబో వరండాలో కాఫీ తాగుతోంది. “నీకింకో విషయం తెలుసా? ఈ ఆల్బమ్ అయ్యాక నీ రికార్డింగులకి రానని తొకిత రాసిచ్చాడు.”

చిహారు ఎంత వేగంగా వెళ్ళిందో అంత వేగంగా వెనక్కి వచ్చింది.

“నా గొంతు అంత భరించలేకుండా ఉందా?”

తొకిత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “గొంతు కాదండీ. మీరు ఇంకొకరి కోసం రాసిన పాటని రోజుకి ఇరవైసార్లు వినడం కష్టంగా ఉంది.”

“ఇంకొకరా? ఎవరు?”

“గిటార్ వాయించే ఇవాసే గారు.”

“ఆయనకి పెళ్ళయింది. ఇద్దరు పిల్లలు.”

“అందుకే పాట అంత విషాదంగా ఉందనుకున్నాను.”

చిహారు పాట కాగితం అతని చేతిలో పెట్టింది. “రెండో చరణం చదవండి.”

అతను చదివాడు. ‘తప్పు దొరికితే తప్ప నోరు విప్పని మనిషీ...’

“ఇవాసే గారు నిద్రలో కూడా వాగుతారు. ఇది ఎవరి గురించి అనుకుంటున్నారు? మూడు నెలలుగా వింటున్నారుగా!”

“నేను మాటల అర్థం పట్టించుకోనండీ. అక్షరాలు స్పష్టంగా పడుతున్నాయా లేదా అని చూస్తాను.”

“పడ్డాయా?”

“పడ్డాయి.” అతని చెవులు ఎర్రబడ్డాయి. మొహం మాత్రం కదల్లేదు. బయట వాన మొదలైంది. ఆ గదిలోకి వాన చప్పుడు కూడా రాదు, కాబట్టి ఇద్దరికీ వేరే ఏదో వింటున్నట్టు నటించే వీలు లేకపోయింది.

“ఆదివారం ఖాళీయేనా?” అన్నాడు చివరికి.

“ఖాళీయే.”

“అయితే పాడండి.”

చిహారు పాడింది. చివరి మాట దగ్గర గొంతు జీరపోయింది. లోపలికి వచ్చిన ఓకుబో తల అడ్డంగా ఊపి, “ఇంకోటి తీద్దాం,” అంది.

“వద్దు. ఇదే ఉంచుదాం,” అన్నాడు తొకిత.

ఆల్బమ్ మంచు కురిసే రోజుల్లో వచ్చింది. చిహారు అతన్ని తన సొంతూరు అకితాకి తీసుకెళ్ళింది. వాళ్ళ నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని ఆల్బమ్ అట్ట వెనక ఉన్న పేర్లన్నీ ఓపిగ్గా చదివాడు.

“ఇందులో నువ్వేం వాయించావు బాబూ?”

“ఏమీ వాయించలేదండీ. మీ అమ్మాయి పాడుతుంటే విన్నాను.”

పెద్దాయన అట్ట పక్కన పెట్టాడు. “మాట్లాడేటప్పుడు కూడా వింటావా? అది ఎక్కువ మాట్లాడుతుంది.”

“నాన్నా!”

“వింటానండీ.”

“మా ఇంట్లో ఇంతవరకూ ఆ పని చేసినవాళ్ళు లేరు,” అంటూ ఆయన ముల్లంగి ఊరగాయ పళ్ళెం తొకిత వైపు జరిపాడు. “తిను. పెళ్ళి వసంతంలో పెట్టుకుందాం. ఇప్పుడైతే దారులన్నీ మంచు.”