మూత పోయిన విమానం

కృపాకర్‌కి పాత విమానాలంటే ప్రాణం. ఆ శుక్రవారం షార్జా శివార్లలో జరిగిన పాత విమానాల మేళాకి బైనాక్యులర్సు మెళ్లో వేసుకుని మరీ వచ్చాడు. అతని బాస్, ప్రైవేటు డిటెక్టివ్ మాణిక్యాంబ మాత్రం ఒక్క విమానం వంకైనా చూడకుండా టెంటు నీడలో బఠాణీలు నములుతోంది. ఆవిడ షార్జాలోనే రోలా బజార్లో ఆఫీసు తెరిచినప్పటి నుంచీ అసిస్టెంటుగా ఉన్న కృపాకర్‌కి ఆ నమలడంలో కూడా తెలివే కనిపిస్తుంది.

అంతలో విమానాలు తుడిచే హన్మాండ్లు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మా, నన్ను బచాయించుండ్రి! విల్కిన్స్ దొర విమానం పెట్రోలు మూత పోయిందట. నేనే తీసిన్నంటుండ్రు. మా ముదీర్ సాబ్ ఇయ్యాల్నే నౌకరీ ఖలాస్ జేసి ఇంటికి తోలుతడట!”

మేళాలో మొదట ఎగరాల్సింది విల్కిన్స్ దొర స్వయంగా నడిపే ఎర్ర విమానమే. దాని చక్రాల వెనక రెండు నిమ్మకాయలున్నాయి. మేళా కంపెనీ ముదీర్, అంటే మేనేజరు హయాత్ బాషా, కడప మనిషి, వాటిని వేలెత్తి చూపించాడు.

“ఇంకేం సబూత్ కావాల మేడమ్? పొద్దున కంపెనీ కొత్త పికప్‌కీ వీడు ఇట్లే పెట్టినాడంట. దొరే చెప్పినాడు.”

“పికప్‌కి ఎక్కడ పెట్టావు?” అంది మాణిక్యాంబ.

“ఎనుక చక్రాల ఎనుకనమ్మా. యార్డుల బండి మూతి గోడకు ఆనుకొని ఉండె. దొర అండ్లనే కూసోని నగిండు. దొరను ఈడ దించి డ్రైవర్ జెబెల్ అలీ పోర్టుకు పాయె.”

కృపాకర్ భూతద్దంతో విమానం కిందికి పాకి, నిమ్మకాయలు తాజావని తేల్చాడు. మాణిక్యాంబ ఈలోగా ఫస్ట్ ఎయిడ్ టెంటులో నర్సు దయారాణిని పలకరించింది.

“దొరగారా? కడుపులో గాభరాగా ఉందని మాత్రలకి తెగ తిరిగారండీ. వచ్చినప్పుడల్లా హ్యాటు తీసి మరీ గుడ్ మార్నింగ్ చెప్పారు. ఇందాక ఎదురైతే మాత్రం హ్యాటు గట్టిగా పట్టుకుని తప్పుకున్నారు. ఏంటో మరి!”

మాణిక్యాంబ అందర్నీ టెంటు కిందికి పిలిపించింది.

“నిమ్మకాయ చక్రం కింద పడి నలగాలి. పికప్ రివర్సులో రావాలి కాబట్టి హన్మాండ్లు వెనక పెట్టాడు. విమానం ముందుకే కదా పోయేది? దానికీ వెనకే పెట్టారంటే, ఆ పద్ధతి ఎందుకో తెలీక, పొద్దున చూసింది చూసినట్టు కాపీ కొట్టారన్నమాట. చూసింది ఇద్దరే. డ్రైవరు ఇక్కడ లేడు. ఇక మాత్రల సంగతి. విల్కిన్స్ గారికి విమానాలంటే మోజు, ఎగరడమంటే హడలు. మూత లేకపోతే విమానం లేవదు కదా. కృపాకర్, ఆయన హ్యాటు తియ్యి.”

కృపాకర్ తీశాడు. బట్టతల మీద ఇత్తడి మూత బుద్ధిగా కూర్చుని ఉంది.

“ఎప్పుడూ నేల మీదే నడిపాను,” అని విల్కిన్స్ దొర వచ్చీరాని హిందీలో గొణిగాడు. “ఇంతమంది ముందు భయమని ఎలా చెప్పను?”

కృపాకర్‌కి ముందు జాలేసింది. పక్కనున్న హన్మాండ్లు ఉద్యోగం ఊడబోయిందని గుర్తొచ్చాక ఒళ్లు మండింది.

బాషా తల గోక్కున్నాడు. “గలతీ అయిపోయింది హన్మాండ్లూ. నిన్ను ఇంటికి పంపేది లేదులే.”

హన్మాండ్లు మొహం వాడిపోయింది. “గట్లనకుండ్రి సాబ్! మా ఇంటామె లక్ష్మవ్వను జూడక మూడేండ్లాయె. ఎట్లాగూ పంపుతనంటిరి గద, పంపుండ్రి. మల్లొచ్చే టికెట్టు గూడ చేతిల పెట్టి పంపుండ్రి.”

టెంటంతా ఘొల్లుమంది. తనని విమానం ఎక్కమనలేదు, అదే పదివేలనుకుని, రానూపోనూ ఖర్చు విల్కిన్స్ దొర అప్పటికప్పుడు నెత్తినేసుకున్నాడు.