మొదటి గుక్క

ఆదివారం పొద్దున. మంచు లోయనంతా మింగేసి, కొండమీది ఇళ్ళను మాత్రం దయతలచి వదిలేసింది. డెల్ఫీనా వంటగది బల్లమీద గుడ్డుసొన కలిపిన పిండిని పల్చగా వత్తి, కత్తితో దారప్పోగుల్లా సన్నగా కోస్తోంది. పొయ్యిమీద ఎద్దుమాంసం వైన్‌లో నెమ్మదిగా ఉడుకుతోంది. ఆ పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుని ఆమె భర్త సెవెరీనో పేపరు చదువుతున్నాడు. కోళ్ళకి గింజలు వేద్దామని ఆమె పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన.

"పక్కనే కూర్చున్నావు గదా సెవెరీనో, గిన్నె అడుగంటుతుంటే తెలియలేదా?"

"పేపర్లో పడ్డాను."

"నిన్నటి పేపరది."

ఆమె పైపై ముక్కలు వేరే గిన్నెలోకి తీసింది. ఇంకో రోజైతే సాయంత్రం దాకా సాధించేదే, కానీ మధ్యాహ్నం భోజనానికి గాస్పరే వస్తున్నాడు. ఆల్బా పట్నం దగ్గర పెద్ద ద్రాక్షతోటలున్న ఆసామి. వీళ్ళ ద్రాక్షతోట సోరీ లీనాను కొనడానికి వస్తున్నాడు.

మా కొండల్లో ఎండ బాగా తగిలే వాలును సోరీ అంటాం. సెవెరీనో తల్లి పేరు లీనా. ఆ వాలు పళ్ళను ఆ ఇంట్లో ఇంకే తోట పళ్ళతోనూ కలపలేదు. అలా ఒక్క తోట పళ్ళతో చేసిన వైన్‌లో దాచుకోవడానికి చోటుండదు. మంచి ఏడు మంచిగా, చెడ్డ ఏడు చెడ్డగా బయటపడిపోతుంది.

బురద బూట్లు గుమ్మంలో విప్పి కూతురు ఒర్నెల్లా లోపలికి వచ్చింది. వైన్ చదువు చదివి, పట్నంలో ఉద్యోగం వద్దనుకుని వచ్చి, ఇన్నేళ్ళుగా తండ్రితో పాటు ఆ వాలుమీదే ఒళ్ళు వంచుతోంది. నాన్న తర్వాత తోట తనదేనని ఆమె ఎవరితోనూ అనలేదు. అనాల్సిన అవసరం ఉందనుకోలేదు.

కానీ కిందటి వసంతంలో ఒక పీపా దగ్గర ఆగి, "ఇది పులుస్తోంది నాన్నా," అంది. సెవెరీనో గ్లాసులో పోసుకుని, వాసన చూసి, కూలీలందరి ముందూ, "పీపా లక్షణంగా ఉంది. నీకే ముక్కు లేదు," అన్నాడు. పంట కోతలు కాగానే తోట అమ్మేస్తున్నానని చెప్పాడు. అప్పట్నుంచీ ఒర్నెల్లా పాలు విరిగాయో లేదో కూడా తల్లిని అడిగి తెలుసుకుంటోంది. వైన్ చేసేవాళ్ళింట్లో ముక్కు లేదనడం, పాడేవాళ్ళింట్లో గొంతు లేదనడం లాంటిదే.

"ఆఖరిసారి అడుగుతున్నాను నాన్నా. ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పు."

"భోజనానికి పిలిచినవాణ్ణి రావద్దంటారా ఎక్కడైనా?"

"అయితే ఎందుకు అమ్ముతున్నావో చెప్పు."

"ముసలివాణ్ణయ్యాను."

"నేను కాలేదుగా."

సెవెరీనో పేపరు మడిచి లేచి వెళ్ళిపోయాడు. డెల్ఫీనా ఏదో చెప్పబోయి, మళ్ళీ పిండి కొయ్యడంలో పడింది.

గాస్పరే హేజల్‌నట్ కేకు పట్టుకుని సరిగ్గా భోజనాల వేళకి దిగాడు. మర్యాదస్తుడు, మాట మెత్తన. ఒక పాత వైన్ సీసా గురువారం నుంచీ బీరువామీద నిటారుగా నిలబడి ఉంది, అడుగున మడ్డి పేరుకోవాలని. తండ్రి పోయాక సెవెరీనో తన చేతులమీదుగా చేసిన మొదటి వైన్ అది. బిరడా ముక్కలవకుండా రెండు రేకుల పరికరాన్ని పక్కల్నుంచి దింపి మెలితిప్పుతూ లాగాడు. కొవ్వొత్తి వెలిగించి, సీసా మెడను ఆ వెలుగుకి ఎదురుగా పట్టి, గాజు కూజాలోకి ధార తెగకుండా వంచాడు. మడ్డి నల్లటి దారంలా మెడ దాకా రాగానే చెయ్యి ఆపేశాడు. ఆ చేతుల్ని చూస్తే ఒర్నెల్లాకి ఎప్పుడూ గర్వమే. ఆ రోజు ఏడుపు కూడా వచ్చింది.

ఆ ఇంట్లో మొదటి గుక్క ఇంటిపెద్దది. ఆయన బాగుందనేదాకా ఇంకెవరి గ్లాసులోనూ చుక్క పడదు. సెవెరీనో గ్లాసు తిప్పాడు. పాత ఇటుక రంగు వైన్ అంచుల్లో నారింజ రంగు తేలింది. వాసన చూశాడు, గుక్క వేశాడు, కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ సోరీ లీనా అంటే," అని అందరికీ పోశాడు.

ఒర్నెల్లా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. వానకి తడిసి మూలపడ్డ అట్టపెట్టె వాసన. బిరడా చెడితే వచ్చే వాసన, చదువు మొదటి వారంలోనే నేర్పేది. మళ్ళీ చూసింది. అదే. కాదు, నాన్న బాగుందన్నాడు, నా ముక్కే నన్ను మోసం చేస్తోంది అనుకుంది. అప్పుడు గాస్పరే వైపు చూసింది. ఆయన గ్లాసు వాసన చూసి, తాగకుండానే మెల్లిగా కింద పెట్టి, మంచినీళ్ళు అందుకున్నాడు.

"వైన్ కొంచెం అలసిపోయినట్టుంది," అన్నాడు గాస్పరే మర్యాదగా. "అన్ని తోటలూ ఇన్నేళ్ళు నిలబడవు లెండి."

సెవెరీనో మొహం ఎర్రబడింది. "సోరీ లీనా అలసిపోవడమా?"

ఒర్నెల్లా కూజా పట్టుకుని లేచింది. "నాన్నా, ఒక్కసారి వంటగదిలోకి రా."

తలుపు వేసింది. కూజా తండ్రి ముందుకు జరిపింది.

"ఇందులో ఏముందో చెప్పు."

"ఏముంటుంది? ఎండిన గులాబీ వాసన, తారు, తడిసిన ఆకులు..."

"ప్రతి ఏడాది వైన్‌కీ అదే చెబుతున్నావు. ఇందులో తడి అట్టముక్క తప్ప ఏమీ లేదు నాన్నా. గాస్పరేకి తెలిసింది, నాకు తెలిసింది. నీకెందుకు తెలియలేదు?"

ఆ జవాబు పొయ్యి దగ్గర నిలబడ్డ డెల్ఫీనా చెప్పింది.

"పెళ్ళయినప్పట్నుంచీ నా వంటకి ఒక్క పూటైనా వంక పెట్టకుండా లేచిన మనిషి కాదు. పోయిన చలికాలం జ్వరమొచ్చి తగ్గాక, ఏం పెడితే అది నోరెత్తకుండా తింటున్నాడు. ఇన్నాళ్ళకి నా చెయ్యి కుదిరిందని మురిసిపోయానే పిచ్చిదాన్ని. ఇవాళ పొద్దున కూర మాడినప్పుడు అర్థమైంది."

సెవెరీనో స్టూలుమీద కూలబడ్డాడు.

"కాఫీ వాసన తెలియదు, పొగ వాసన తెలియదు," అన్నాడు. "తిరిగొస్తుందని చూశాను, రాలేదు. ఆ పీపా పులిసింది నిజమే. నువ్వు చెప్పింది నిజమేనేమోనని భయమేసి అరిచాను. నాకు ముక్కు లేదని చెప్పలేక నీకు లేదన్నాను."

"తోట?"

"ఏం చేస్తున్నానో తెలియకుండా మా అమ్మ పేరుతో చెడ్డ వైన్ చేసేకంటే, అమ్ముకోవడం నయమనిపించింది."

"నేనున్నాను కదా నాన్నా. నేను ఎదురుగానే ఉన్నాను కదా."

ఆమెకి ఏడుపు ఆగలేదు. ఇన్ని నెలలుగా తనమీద తనకే పోయిన నమ్మకం, ఆ ముసలాయన ఒక్కడే కూర్చుని మోసిన భయం, రెండూ కలిసి వచ్చాయి. సెవెరీనో ఆమె తల నిమిరాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"మొహం కడుక్కో," అన్నాడు. "అదే ఏడాదిది ఇంకో సీసా ఉంది. పడుకోబెట్టినట్టే తీసుకురా. నిటారుగా ఎత్తావంటే మడ్డంతా లేస్తుంది."

"నాకు తెలుసులే."

"తెలుసు. నీకు తెలుసు."

ఒర్నెల్లా నేలమాళిగలోంచి ఆ సీసాను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు తెచ్చి, భోజనాల బల్లమీద వాలుబుట్టలో అలాగే పడుకోబెట్టింది. బిరడా ఈసారి ఆమే తీసింది. కొవ్వొత్తి సెవెరీనో పట్టుకున్నాడు. కూజా నిండాక ఆయన గాస్పరే వైపు తిరిగాడు.

"ఇందాకటి సీసా బిరడా చెడింది గాస్పరే గారూ. నాకు వాసన తెలియడం లేదు, అందుకే పట్టుకోలేకపోయాను. మా తోటకేమీ కాలేదు." కొంచెం ఆగాడు. ఇంటిపెద్ద గ్లాసు తీసి కూతురి ముందు పెట్టాడు. "ఇకనుంచి ఈ ఇంట్లో మొదటి గుక్క దీనిది."

ఒర్నెల్లా వాసన చూసింది. తొందరపడలేదు. గుక్క వేసి, "బాగుంది," అంది. అందరికీ పోసింది.

గాస్పరే చివరి చుక్క దాకా తాగాడు. తర్వాత మళ్ళీ గ్లాసు చాపాడు. "మరి తోట సంగతి ఏమంటారు?" అన్నాడు సెవెరీనోతో.

"నన్నెందుకు అడుగుతారు? దాన్నే అడగండి."

"అమ్మడం లేదండీ," అంది ఒర్నెల్లా. "ఏమీ అనుకోకండి."

"ఇది తాగాక నేనైనా అమ్మను," అన్నాడు గాస్పరే. డెల్ఫీనా ఆయన కంచంలో ఇంకో గరిటె మాంసం వేసింది.

సెవెరీనో తన గ్లాసు పైకెత్తి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. పక్కకి, కూతురి వైపు వంగాడు.

"ఏముందో చెప్పవే," అన్నాడు.

"మొదట గులాబీ. ఎండింది కాదు నాన్నా, వాడుతున్నది. దాని వెనకాల వేడిమట్టిమీద వాన పడ్డట్టు..."

"ఆ ఏడు కోతలకి ముందు ఒక్క వాన పడింది," అన్నాడు సెవెరీనో కళ్ళు మూసుకుని. "ఆఁ, చెప్పు. తర్వాత?"